చద్దిమూటలో ఏముంది?

తొంభైకి దగ్గరపడుతున్నా చేతికర్ర పట్టని తాతలూ, కళ్లజోడు లేకుండా బియ్యంలో రాళ్లు ఏరే అమ్మమ్మలూ మన పల్లెల్లో ఇప్పటికీ కనిపిస్తారు. వాళ్లను చూడగానే 'ఆ కాలం తిండే వేరు' అనేస్తాం. నిజంగా తిండేనా... ఇంకేమైనా ఉందా?

తొలికోడి కూసింది. నాయనమ్మ నులకమంచం దిగింది. వాకిలి ఊడ్చి కళ్లాపి చల్లింది. నడుం వంచి చుక్కల ముగ్గు పెట్టింది. గిలకబావి దగ్గరికెళ్లి చేంతాడు అందుకుంటే, కాగు నిండేవరకూ చేద పైకీ కిందకీ తిరుగుతూనే ఉంది. పశువులకు మేతవేసి, పేడ ఎత్తి, పాలు పితికి, ఆనక స్తంభానికి కట్టిన కవ్వం ముందు కూర్చుని చల్ల చిలికింది. ఇంకా పొద్దు పొడవలేదు!

అరవయ్యేళ్ల తర్వాత అదే ఇంటి మునిమనవడు, హైదరాబాద్‌లో. ఏడున్నరకి అలారం మోగితే రెండుసార్లు దాని నోరు మూయించి లేచాడు. లిఫ్టులో కిందికి దిగి, బండెక్కి జిమ్‌కెళ్లి, నెలనెలా డబ్బు కట్టి మరీ ఎక్కడికీ తీసుకెళ్లని బెల్టు మీద అరగంట పరుగెత్తాడు. మళ్లీ బండెక్కి, లిఫ్టెక్కి ఇంటికొచ్చి కంప్యూటర్ ముందు కూర్చుంటే... రాత్రి పదింటిదాకా లేస్తే ఒట్టు. పైపెచ్చు చేతికున్న గడియారం 'ఈరోజు నడవాల్సినంత నడవలేదు' అని దెప్పుతోంది.

ఆ మాటకొస్తే జిమ్‌కి వెళ్తున్న కుర్రాడే నయం. 2022 నాటి పరిస్థితిని లెక్కగట్టి 'లాన్సెట్ గ్లోబల్ హెల్త్' పత్రిక 2024లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం మనదేశంలో పెద్దవాళ్లలో దాదాపు సగంమంది ఒంటికి చాలినంత పని చెప్పడం లేదు. చాలినంత అంటే కొండలు ఎక్కమనేం కాదు. వారానికి 150 నిమిషాలపాటు చురుగ్గా నడిచినా సరిపోతుంది. అదీ కరవైంది. దాని ఫలితం ఎక్కడ తేలిందంటే... భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ఆధ్వర్యంలో జరిగి 2023లో వెలువడిన సర్వేలో. దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం, మరో 13.6 కోట్ల మంది దాని గుమ్మంలో ఉన్నారని తేల్చింది ఆ సర్వే. పట్నాల్లో నూటికి 16 మందికి, పల్లెల్లో నూటికి 9 మందికి షుగరు. ఒకప్పుడు షావుకార్ల జబ్బనుకున్నది ఇప్పుడు రచ్చబండ దాకా వచ్చి కూర్చుంది.

అందుకే అందరి చూపూ మళ్లీ తాతల కాలం మీద పడింది. మట్టికుండలు, గానుగ నూనె, సిరిధాన్యాలు... బజారులో వీటికి ఇప్పుడున్న గిరాకీ అంతా ఇంతా కాదు. అయితే ఆ కాలాన్ని సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చుకోవడం సాధ్యమేనా?

వ్యాయామం అన్న మాటే లేదు

పాతతరం దృష్టిలో కసరత్తు అంటే తాలింఖానాలో కుర్రాళ్లు చేసేది. మిగతాదంతా పనే. వడ్లు దంచడమే తీసుకోండి. ఇద్దరు ఆడవాళ్లు రోటికి అటూ ఇటూ నిలబడేవారు. ఒకరి రోకలి లేస్తుంటే మరొకరిది పడాలి. లయ తప్పితే రెండూ ఢీకొంటాయి, అందుకే పాట. భుజాలు, వీపు, పొట్ట, పిక్కలు... ఒంట్లో కదలని కండ అంటూ ఉండేది కాదు. తిరగలి తిప్పడం, పిండి రుబ్బడం, బట్టలు బండకేసి ఉతకడం, కలుపు తీయడం అన్నీ ఆ కోవలోవే. మగవాళ్లకు నాగలి, కావడి, రాయలసీమలోనైతే కపిల తోలడం. ఇక సంతకైనా, పక్కూళ్లో పెళ్లికైనా, పొలానికైనా నడకే.

వీటిలో ఏ ఒక్కటీ ఒంటిని గుల్లచేసేంత వేగంగా చేసేది కాదు. నాట్లేసేటప్పుడూ కోతలప్పుడూ తప్ప ఉరుకులు పరుగులు తక్కువే. కానీ పొద్దున్న మొదలైన కదలిక పొద్దుగూకేదాకా ఆగేది కాదు. అసలు కిటుకంతా అక్కడే ఉందంటారు శాస్త్రజ్ఞులు. వ్యాయామం అని పేరుపెట్టి చేయకపోయినా ఊడ్చడం, వంగడం, మెట్లెక్కడం, అటూ ఇటూ తిరగడం లాంటి వాటితో ఖర్చయ్యే శక్తికి 'నీట్' అని పేరుపెట్టారు (పిల్లలు రాసే పరీక్ష కాదు లెండి!). ఒకే ఎత్తూ బరువూ ఉన్న ఇద్దరి మధ్య ఈ చిన్నాచితకా కదలికల వల్లే రోజుకి వందల కెలోరీల తేడా రావచ్చు.

ఈ సంగతి మొదట బయటపడింది లండన్ బస్సుల్లో. అక్కడి డబుల్ డెక్కర్ బస్సుల్లో రోజంతా కూర్చునే డ్రైవర్లకన్నా మెట్లెక్కి దిగుతూ టిక్కెట్లు కొట్టే కండక్టర్లలో గుండెజబ్బులు తక్కువని జెర్రీ మోరిస్ అనే వైద్యుడు 1953లో చూపించాడు. బస్సు అదే, వేళలు అవే, కూర్చోవడం ఒక్కటే తేడా. ఉదయం అరగంట పరుగెత్తాం కదా అని మిగిలిన పగలంతా కుర్చీకి అతుక్కుపోయేవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సిన ముచ్చట ఇది.

మరొకటి... నేల. మన పెద్దల దినచర్యలో సగం నేలమీదే గడిచేది. పీటేసుకుని వంట, బాసింపట్టు వేసుకుని భోజనం, గొంతుక్కూర్చుని బట్టలుతకడం, చాపమీద పడక. అంటే రోజుకి ఎన్నిసార్లు కిందకూర్చుని లేచేవారో లెక్కేలేదు. బ్రెజిల్ వైద్యులు 51 నుంచి 80 ఏళ్ల మధ్య ఉన్న 2,002 మందికి ఓ చిన్న పరీక్ష పెట్టారు. నేలమీద కూర్చుని లేవాలి, అంతే. చెయ్యి ఆనించినా మోకాలు ఆనించినా మార్కు పోతుంది. ఆ తర్వాత సగటున ఆరేళ్లకు పైగా వాళ్లను గమనిస్తే, తక్కువ మార్కులొచ్చినవాళ్లలో మరణాలు ఎన్నో రెట్లు ఎక్కువగా కనిపించాయి. 2012లో వెలువడిన ఈ అధ్యయనం అర్థం కిందకూర్చుంటే ఆయుష్షు పెరుగుతుందని కాదు. కాళ్లలో బలం, కీళ్లలో వంపు, ఒంటి తూకం మూడూ నిలబెట్టుకున్నవాళ్లే అలా లేవగలరని. ఆ మూడింటినీ మన ఇళ్లలో డైనింగ్ టేబులూ, సోఫా కలిసి చడీచప్పుడు లేకుండా పట్టుకెళ్లిపోయాయి. అలాగని ఇప్పటికే మోకాళ్లు అరిగినవాళ్లు పంతానికి పోయి నేలమీద చతికిలపడితే మాత్రం డాక్టరు దగ్గర చీవాట్లు తప్పవు. ఈ అలవాటు పిల్లలతో మొదలవ్వాలి.

కంచం చూస్తే ఊరు తెలిసేది

శ్రీకాకుళం, విజయనగరం వైపు చోడి అంబలి. రాయలసీమలో రాగిసంగటి, కొర్రన్నం. తెలంగాణలో జొన్నరొట్టె, గటక. గోదావరి, కృష్ణా డెల్టాల్లో దంపుడుబియ్యం. ఒకప్పుడు కంచంలో ఏముందో చూసి ఏ ఊరో చెప్పేయొచ్చు. నేల ఏది పండిస్తే అది తిన్నారు, ఆరోగ్యం కోసమని ఎంచుకుని తిన్నది కాదు.

ఆ తిండిలో సత్తువ ఉన్నమాట మాత్రం నిజం. జాతీయ పోషకాహార సంస్థ పట్టికల ప్రకారం వంద గ్రాముల జొన్నల్లో పీచు పది గ్రాముల దాకా ఉంటే, పాలిష్ పట్టిన బియ్యంలో మూడు గ్రాముల లోపే. క్యాల్షియం సంగతి మరీ చిత్రం. వంద గ్రాముల రాగుల్లో సుమారు 360 మిల్లీగ్రాములు ఉంటుంది. తెల్లబియ్యంలో పది కూడా ఉండదు. మరి ఇంత మంచి తిండిని ఎందుకు వదిలేసుకున్నామంటారా? సంగటి కెలకడానికీ జొన్నలు విసరడానికీ పట్టే శ్రమ ఒక కారణం. వరన్నం అంటే పెద్దింటి తిండి అన్న మోజు మరొకటి. పండగ పూట మాత్రమే తెల్లన్నం చూసిన ఇళ్లకు 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. ఆకలి తీర్చింది, ఎన్నో కడుపులు చల్లబడ్డాయి. ఆ మేలును కాదనలేం. కానీ ఆ వెల్లువలో చిరుధాన్యాల చేలు మెల్లగా సన్నబడ్డాయి. వాటిని నిలబెట్టుకున్నవాళ్లూ లేకపోలేదు. జహీరాబాద్ ప్రాంతంలో డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు ఒకే చేలో జొన్న, సజ్జ, కంది, పెసర, అలసంద అంటూ ఇరవై దాకా రకాలు పండిస్తూ వచ్చారు. 2019లో ఆ సంస్థకు ఈక్వేటర్ పురస్కారం దక్కింది.

అన్ని రకాలు ఎందుకూ అంటే... దానికో కథ ఉంది. ఇరవయ్యో శతాబ్దం తొలిసగంలో కోస్తా జిల్లాల్లో బెరిబెరి అనే జబ్బు ఉండేది. కాళ్లు తిమ్మిరెక్కి, వాచి, గుండె దెబ్బతినేది. బియ్యపు మరలొచ్చి తవుడంతా తీసేయడంతో బి1 విటమిన్ పోవడమే దానికి మూలం. తవుడు పోకుండా దంచుకున్న ఇళ్లలోనూ, వడ్లను ఉడకబెట్టి ఆరబెట్టిన ఉప్పుడుబియ్యం తిన్నచోటా ఈ బెడద లేదు. అప్పట్లో నీలగిరుల్లోని కూనూరులో ఉన్న ప్రయోగశాల ఈ బియ్యం సమస్యను లోతుగా పరిశీలించింది. 1918లో పుట్టిన ఆ ప్రయోగశాలే తర్వాత హైదరాబాద్‌కు తరలివచ్చి నేటి జాతీయ పోషకాహార సంస్థ అయింది. అదే సంస్థ శాస్త్రవేత్త సి.గోపాలన్ బృందం 1960ల్లో మరో వింత గమనించింది. దక్కన్‌లో పేదల్లో పెల్లాగ్రా అనే చర్మవ్యాధి వస్తోంది. ఎవరికీ అంటే... జొన్నలే తిని బతుకుతున్నవాళ్లకి!

అంటే తెల్లబియ్యమే కడుపునిండా తిన్నా తంటాయే, జొన్నలే తిన్నా తంటాయే. పక్కన పప్పు, ఆకుకూర, మజ్జిగ ఉన్న ఇంట్లోనే ఆ జొన్నరొట్టె అమృతమైంది. ఇప్పుడు కొత్తగా మూడుపూటలా ఒకే చిరుధాన్యం తింటున్నవాళ్లు దీన్ని ఓసారి ఆలోచించుకోవాలి.

ఆకుకూరంటే పాతకాలంలో కొన్నది కాదు, గట్ల మీద కోసుకొచ్చింది. పొన్నగంటి, గంగవాయిలి, గలిజేరు, చెంచలి, దొగ్గలి... విత్తకుండా మొలిచేవి, డబ్బు పెట్టకుండా దొరికేవి. ఆషాఢంలో మునగాకు, తెలంగాణలో వినాయకచవితికి తుమ్మికూర అంటూ పండగకో ఆకు ముడిపెట్టేశారు. పిల్లలు మారాం చేయడానికి వీల్లేకుండా అన్నమాట. ఇప్పుడు ఆ గట్లమీద కలుపుమందు కొడుతున్నారు. ఎక్కడపడితే అక్కడ కోసుకునే రోజులు పోయాయి.

ఇక చద్దన్నం. దీనిమీద ఈమధ్య వచ్చినన్ని గొప్పలు దేనిమీదా రాలేదు. రాత్రి మిగిలిన అన్నంలో నీళ్లో మజ్జిగో పోసి ఉంచితే తెల్లారేసరికి పులిసి మేలుచేసే బ్యాక్టీరియా పెరుగుతుంది. చల్లారిన అన్నంలో పిండిపదార్థం కొంత తేలిగ్గా అరగని రూపంలోకి మారుతుంది. వేసవిలో పొలం వెళ్లేవాడికి నీళ్లూ ఉప్పూ శక్తీ ఒక్క ముంతలో దొరుకుతాయి. ఇదంతా సరే. కానీ ఆ మార్పు కొద్దిపాటిదే. చద్దన్నమే కదా అని గిన్నెడు లాగిస్తే షుగరు ఊరుకోదు. అసలది మందుగా పుట్టలేదు, మెతుకు పారేయడం తెలియని ఇళ్లలో పుట్టింది.

బెల్లమూ అంతే. పేరు మారినా అదీ చక్కెరే. తేడా ఎంత తిన్నారన్నదాంట్లో ఉంది. సంక్రాంతికి అరిసెలొండితే ఇరుగుపొరుగుకి పంచగా డబ్బాలో మిగిలేవెన్ని? నూనె సీసాతో తెచ్చుకుని పొదుపుగా గరిటెతో వేసుకునేవారు. మూకుడు పొయ్యెక్కిందంటే పండగో, అల్లుడొచ్చినట్టో. పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం రోజుకి చక్కెర 25 గ్రాములు దాటకూడదు. చెంచాన్నర చొప్పున నాలుగు టీలు తాగితే ఆ కోటా అయిపోయినట్లే. బిస్కట్లూ కూల్‌డ్రింకుల లెక్క ఇంకా మొదలవనేలేదు.

పొద్దుగూకితే కంచం కడిగేసేవారు

కిరసనాయిలు పొదుపు చేసుకోవాల్సిన రోజులు. దీపాలు పెట్టేవేళకి ఇంట్లో భోజనాలు అయిపోయేవి. కాసేపు వాకిట్లో మంచాలేసుకుని కబుర్లు, తర్వాత నిద్ర. మళ్లీ తినేది తెల్లారాకే. పన్నెండు గంటల విరామం ఎవరూ చెప్పకుండానే కుదిరిపోయేది. ఇప్పుడు దాన్నే పేరుపెట్టి, ఫోన్లో గంటలు లెక్కపెట్టుకుంటూ చేస్తున్నాం. ఒకేరకం భోజనం పగటికన్నా రాత్రి తింటే రక్తంలో చక్కెర ఎక్కువ పెరుగుతుంది. సాయంత్రమయ్యేకొద్దీ ఒంట్లో ఇన్సులిన్ పనితనం మందగించడమే కారణం. రాత్రి పదిన్నరకి బిర్యానీ తెప్పించుకుని టీవీ ముందు తినే ఇంటికీ, ఆ వాకిటి మంచాలకీ మధ్య ఉన్న దూరం అదే.

ఆ ఫొటోలో లేనివాళ్లు

నాణేనికి రెండోవైపు కూడా చూడాలి. ఇంటి గోడమీద తొంభై ఏళ్ల ముత్తవ్వ ఫొటో ఉంటుంది. ఆమె తోడబుట్టినవాళ్లు ఎనిమిదిమందైతే పెరిగి పెద్దయింది నలుగురేనన్న సంగతి ఫొటోలో ఉండదు. స్వాతంత్య్రం వచ్చేనాటికి మన సగటు ఆయుర్దాయం సుమారు 32 ఏళ్లు. ఇప్పుడు డెబ్భైకి అటూ ఇటూ. మశూచి, కలరా, మలేరియా, పురుళ్లు... ఇన్నింటినీ గట్టెక్కిన గట్టిపిండాలనే మనం చూస్తున్నాం. చూసి, అందరూ అలాగే ఉండేవారనుకుంటున్నాం. ఆయుష్షు పెంచింది టీకాలు, మంచినీళ్లు, మందులు. సంగటి కాదు.

వాళ్ల అలవాట్లన్నీ మంచివీ కావు. ఉత్తర కోస్తా పల్లెల్లో ఆడవాళ్లు చుట్ట నిప్పును నోట్లో పెట్టుకుని కాల్చేవారు. అడ్డపొగ అంటారు. అంగిటి క్యాన్సర్లకు అది పెట్టింది పేరు. పిడకల పొయ్యి ముందు గొట్టంతో ఊదీ ఊదీ ఎందరు అమ్మల ఊపిరితిత్తులు పాడయ్యాయో. 1999లో ఉమ్మడి రాష్ట్రంలో దీపం పథకం కింద గ్యాస్ వచ్చాక గానీ చాలామందికి ఆ పొగ వదల్లేదు. కూర లేని పూటల్లో ఊరగాయే కూరై, ఉప్పు ఒంట్లోకి మోతాదుకు మించి చేరేది. చెప్పుల్లేని కాళ్లలోంచి కొంకిపురుగులు ఎక్కి రక్తం పీల్చేసేవి. బొగ్గు, ఇటుకపొడితో తోముకున్న పళ్లు అరిగిపోయేవి. పొలంలో ఎండ తగిలితే విటమిన్-డి ఢోకా లేదనుకుంటాం కదా... తిరుపతి ప్రాంతంలో చేసిన ఓ అధ్యయనం (2007) పట్నంవాళ్లకన్నా పల్లెవాళ్లు మెరుగేనంటూనే, వాళ్లలోనూ చాలామందికి కొరత ఉందని చెప్పింది.

అన్నింటికన్నా భయపెట్టేది మరొకటి. పాతకాలపు తిండి మొదలెట్టామని షుగరు మాత్రలూ బీపీ మాత్రలూ గట్టున పెట్టేసేవాళ్లు. కొర్రలు తిన్నా, కషాయం తాగినా మాత్ర మానాలో తగ్గించాలో చెప్పాల్సింది రక్తపరీక్షా, డాక్టరూనూ. పక్కింటి బాబాయిగారు కాదు.

'నువ్వు కూర్చో అమ్మా!'

ఇంతకీ ఆ పెద్దవాళ్లు ఇప్పుడెక్కడున్నారు? చాలామంది పిల్లల దగ్గర, పట్నంలో. ఎనిమిదో అంతస్తులో. 'జీవితమంతా కష్టపడ్డావు, ఇక నువ్వు కూర్చో అమ్మా' అంటాడు కొడుకు. ప్రేమతోనే అంటాడు. నీళ్ల గ్లాసు చేతికందిస్తుంది కోడలు. మంచం, సోఫా, టీవీ. ఊళ్లో మడికట్టు మీద నడిచిన మనిషి ఆర్నెల్లు తిరిగేసరికి గోడ పట్టుకుని బాత్‌రూమ్‌కి వెళ్తుంటే, 'పాపం వయసు మీదపడింది' అనుకుంటారు.

పడింది వయసొక్కటే కాదు. ఆరోగ్యంగా ఉన్న వయసుమళ్లినవాళ్లను పదిరోజులపాటు మంచానికే పరిమితం చేసి చూసిన అమెరికా పరిశోధకులకు, వాళ్ల కాళ్లలో సగటున కిలోకి దగ్గరగా కండ కరిగిపోయినట్లు తేలింది. ఆ అధ్యయనం 2007లో వచ్చింది. జబ్బేమీ లేదు, పడుకోవడం తప్ప! ఆ వయసులో పోయిన కండ మళ్లీ రావడం అంత తేలిక కాదు. కాళ్లలో బలం లేకపోతే జారిపడతారు, తుంటి ఎముక విరుగుతుంది. ఆ తర్వాతి కథ ఎన్నో ఇళ్లకు తెలిసిందే.

పోయింది పనొక్కటే కూడా కాదు. ఊళ్లో అరుగుమీద కూర్చుంటే దారినపోయే ప్రతివాళ్లూ పలకరించేవారు. ఎవరింట్లో ఆవు ఈనిందో, ఎవరి పిల్లకు సంబంధం కుదిరిందో ఆమెకు తెలియాల్సిందే. ఇక్కడ తలుపు తీస్తే ఎదురుగా మూసి ఉన్న మరో తలుపు.

కొన్ని ఇళ్లలో కనిపెట్టారు దీన్ని. బాల్కనీలో నాలుగు మట్టితొట్లు పెట్టి పాదులు ఆమెకు వదిలేశారు. సాయంత్రం పాలప్యాకెట్టు తెచ్చే పని తాతయ్యది, పనిలో పనిగా వాచ్‌మన్‌తో రెండు ముచ్చట్లూనూ. రాత్రి భోజనం ఎనిమిదిలోపు, అదీ ఆవిడ తినే వేళకే అందరూ. ఆదివారం పూట సంగటి కెలికేది ఆవిడే. 'తెడ్డు అలాక్కాదురా, ఇలా పట్టుకోవాలి' అంటూ మనవడి భుజాలు నొప్పెట్టేదాకా నేర్పుతోంది. కూరగాయలబ్బి బండి కిందికి రాగానే కొడుకు లేవబోతే ముందే చెప్పులేసుకుంటోంది.

'నువ్వుండరా. నీకు గోంగూర ఏరడం రాదు.'